రవ్వ మోసే చీమ

ఉదయం అయిదూ పదికి దమయంతి స్టీలు గిన్నెలో రెండు చెంచాల బొంబాయి రవ్వ వేసి, నీళ్లు చిలకరించి, వేళ్లతో ముద్ద చేసింది. మృదంగం వాయించేవాళ్లు పాఠానికి ముందు రోజూ చేసే పనే ఇది. ఎడమవైపు చర్మం నడుమ తడి రవ్వ ముద్ద అద్దితేనే ఆ వైపు నుంచి గుమ్మనే బరువైన నాదం పలుకుతుంది. వాయించడం అయ్యాక ఆ ముద్దను గీకి తీసెయ్యాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఉన్న సూర్యలింగం మాస్టారి ఇంట్లో దానికో పద్ధతి ఉంది. గీకిన రవ్వను పెరట్లోకి తీసుకెళ్లి జామచెట్టు మొదట్లో పిచ్చుకలకు వెయ్యాలి. చెయ్యి కడుక్కుని వచ్చి తడిగుడ్డతో చర్మం తుడవాలి. అప్పుడే పాఠం అయినట్టు.

ఆ సోమవారం దమయంతి ముద్ద చేసింది గానీ మృదంగానికి అద్దలేదు. గిన్నె పక్కన పెట్టి అడిగింది.

"మాస్టారూ, పోయిందనుకున్న తప్పు మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది?"

ఆమె వయసు ముప్పై నాలుగు. ఊరికి దూరంగా ఉన్న ఒక మందుల కంపెనీలో నాణ్యత విభాగంలో ఉద్యోగం. మాస్టారి దగ్గర ఆరేళ్లుగా నేర్చుకుంటోంది. నడుం నొప్పి వల్ల నేలమీద ఎక్కువసేపు కూర్చోలేకపోతే మాస్టారు రెండంగుళాల ఎత్తు పీట ఒకటి ఇచ్చారు. ఆ ఇంట్లో పీటమీద కూర్చుని వాయించేది ఆమె ఒక్కతే.

ముందురోజు సాయంత్రం విశాఖపట్నంలో శేషారత్నం గారి పాటకచేరీకి ఆమె పక్కవాద్యం వాయించింది. తని ఆవర్తనం దాకా బాగానే నడిచింది. మృదంగానికి ఒంటరిగా వాయించే అవకాశమిచ్చే ఆ భాగంలో, చివరి ముక్తాయింపు దగ్గరకు వచ్చేసరికి వేగం పెరిగింది. తాళం వేస్తున్న శేషారత్నం గారి చెయ్యి దాని వెనక పడవలసి వచ్చింది. కచేరీ అయ్యాక ఆవిడ శాలువా మడతపెట్టుకుంటూ, కోపం లేకుండానే చెప్పారు.

"చివరికొచ్చేసరికి నన్ను తరుముతున్నావమ్మా దమయంతీ. నాకు అరవై రెండేళ్లు. పరిగెత్తలేను. ఉగాది కచేరీకి నువ్వేనని మాటిచ్చాను కనక నువ్వే. అప్పుడూ ఇంతే అయితే ఇంకొకరిని చూసుకుంటాను, ఏమనుకోకు."

అంతకుముందే ఒక గాయకుడు, ఒక వయొలిన్ విద్వాంసురాలు ఏమీ చెప్పకుండానే పిలవడం మానేశారు. శేషారత్నం గారు కూడా మానేస్తే దమయంతిని పిలిచేవాళ్లు ఇక ఎవరూ లేరు. ఉగాదికి పందొమ్మిది రోజులుంది.

ఆమె ఊరికే కూర్చున్న మనిషి కాదు. ఫోనులో లయ చూపించే యాప్ పెట్టుకుని, ఆ ముక్తాయింపును కార్తీకమాసం నుంచి రోజుకు నలభైసార్లు సాధన చేస్తోంది. యాప్ టిక్కుమంటున్నంతసేపూ వేగం నిలిచేది. అది ఆపగానే పరిగెత్తేది.

మాస్టారు ప్రశ్న విన్నారు. డెబ్బై ఒకటో ఏట కూడా నిటారుగా కూర్చునే మనిషి. ప్రశ్నకు మాటతో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆయన గిన్నె వైపు చూశారు. అప్పటికే గిన్నె అంచుమీద ఎర్రచీమలు అయిదారు నడుస్తున్నాయి.

"ముందు ఈ చీమల సంగతి చూడు," అన్నారు.

వంటింట్లోంచి ఆయన భార్య నూకరత్నం గారు అందుకున్నారు. "అడుగమ్మా అడుగు. మీరు ప్రశ్నలడిగితేనే నాకు ఇంటిపని జరుగుతుంది. మొన్నెవడో శ్రుతి గురించి అడిగితే నుయ్యి పూడిక తీయించారు."

"చీమలు ఎప్పట్నుంచి అమ్మగారూ?"

"దసరాల నుంచి. పంచదార డబ్బా నీళ్ల పళ్లెంలో పెట్టుకుని బతుకుతున్నాను. పసుపు గీశాను, కర్పూరం పెట్టాను, కిరసనాయిలు పోశాను. ఎవరో కూర్చోబెట్టి మేపుతున్నట్టే ఉన్నాయి."

మాటలో నిష్ఠూరం ఉంది. చీమలమీదే అనుకుంది దమయంతి. నిజానికి వాటి బెడద చిన్నది కాదు. మృదంగం కుడివైపు ఉండే నల్లటి మచ్చను రాతిపొడి, అన్నం కలిపి మెత్తి తయారు చేస్తారు. చీమలు పట్టాయంటే అది అంచుల దగ్గర లేచిపోతుంది. మాస్టారు తన సొంత మృదంగాన్ని దసరా నాడే తాడు కట్టి దూలానికి వేలాడదీశారు. అది ఇంకా అక్కడే ఉంది.

సరే, చీమల సంగతి చూద్దామనుకుంది దమయంతి. తనమీద కక్ష కట్టినవాళ్లతో తలపడినట్టు మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఉద్యోగం నుంచి తిన్నగా మాస్టారింటికి వచ్చింది. చేతిసంచిలో తెల్ల సిమెంటు, చీమల సుద్ద, ఒక సన్నటి తాపీ ఉన్నాయి. గోడకు ఆనించిన తన పీట తెచ్చుకుని, దానిమీద కూర్చుని, గోడ మొదట్లో చీమలు దూరే కన్నాలు ఒక్కొక్కటే వెతికి పూడ్చింది. పదకొండు దొరికాయి. ప్రతి కన్నంలోనూ ముందు మరిగిన నీళ్లు పోసింది. కంపెనీలో ఏదైనా మందు నాసిరకంగా వస్తే మూలకారణం రాసి సంతకం పెట్టేది ఆమే. ఇక్కడా అలాగే ఒక కాగితంమీద గది పటం గీసి, కన్నాలకు అంకెలు వేసింది.

మంగళవారం చీమలు లేవు. బుధవారం మధ్యాహ్నం నాలుగు కనిపించాయని నూకరత్నం గారు చెప్పారు. గురువారం తెల్లవారేసరికి బారు బారులుగా ఉన్నాయి.

విచిత్రమేమిటంటే వాటి దారి ఒక్కచోట లేదు. ఉదయం పాఠం వేళ నేలమీద కనిపించేవి, సాయంత్రం గోడమీద కనిపించేవి. పటంలో గీసిన గీతలు ఏ రోజుకారోజు తప్పయ్యేవి. శుక్రవారం ఆమె మరో మూడు కన్నాలు పూడ్చింది. శనివారం గడప నుంచి గడప దాకా సుద్దతో గీత గీసింది. చీమలు గీత ఇవతలే హాయిగా తిరిగాయి.

"వీటికి బయటికి పోవలసిన పనే లేనట్టుంది మాస్టారూ," అంది, సుద్ద ముక్క కిటికీలో పెడుతూ.

మాస్టారు పత్రిక తిరగేస్తూ, "రేపు సెలవే కదా, రా," అన్నారు.

ఆదివారం ఆరు గంటలకు ఆమె వచ్చింది. గోడకు ఆనించి ఉన్న పీటను పై అంచు పట్టుకుని తీసింది. చేతిమీదికి రెండు చీమలు ఎక్కాయి. ఆ ఇంట్లో చీమ లేని వస్తువు లేదు కనక దులిపేసుకుంది. పీట నేలమీద వేసి కూర్చుంది. మాస్టారు పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నారు.

"ఇవాళ ఒక్కదాన్నీ చంపకు," అన్నారు. "నోట్లో ఏదైనా ఉన్న చీమను చూసుకో."

"దాని వెంట పోతే పుట్ట దొరుకుతుంది మాస్టారూ. అది చేశాను. పద్నాలుగు కన్నాలు పూడ్చాను."

"వెంట కాదు. ఎదురు పో."

ఆమెకు క్షణం పట్టింది. ఆరు రోజులుగా తను చూసింది చీమలు ఎక్కడికి పోతున్నాయని. ఎక్కడి నుంచి తెస్తున్నాయని ఒక్కసారీ చూడలేదు. ప్రయోగశాలలో ఆమె కింద పనిచేసే అమ్మాయి ఇలాంటి పొరపాటు చేస్తే ఆ నివేదిక వెనక్కి పంపేసేది.

ఫోను దీపం వేసి వంగింది. గోడ మొదట్లో కొత్తగా తెరుచుకున్న కన్నం ఒకటుంది. దానిలోకి పోతున్న ప్రతి చీమ నోట్లోనూ తెల్లటి పలుకు ఉంది. ఒక చీమ వదిలేసిన పలుకును కాగితంమీదికి తీసి గోటితో నొక్కింది. రవ్వ. కానీ ఎండి గట్టిపడ్డ రవ్వ. ఆ వేళకు ఆమె ఇంకా గిన్నెలో రవ్వ పోయనేలేదు.

"అమ్మగారూ, రవ్వ డబ్బాకి మూత సరిగ్గా పడుతోందా?"

"ఆ మూత తియ్యడానికి నాకే రెండు చేతులూ కావాలి," అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

దమయంతి కూర్చున్నచోటు నుంచే, చూపుతో చీమలకు ఎదురుగా వెనక్కి వెళ్లింది. కన్నం నుంచి గోడ వారన రెండు జానెలు. అక్కడి నుంచి చాప అంచు వెంబడి. చాప మూల దగ్గర మలుపు. తర్వాత తిన్నగా నేలమీద మూడు బెత్తెలు. ఆపైన ఆమె చీర కుచ్చిళ్లు అడ్డొచ్చాయి. కుచ్చిళ్లు పక్కకు తీసింది. చీమలు అక్కడే పుడుతున్నట్టుగా ఉన్నాయి. మళ్లీ కన్నం దగ్గర మొదలుపెట్టి చూసింది. మళ్లీ అక్కడికే వచ్చింది. మూడోసారి ఇంకో చీమను ఎంచుకుంది. గోడమీది గడియారం ఏడున్నర చూపిస్తోంది.

"ఇక్కడికొచ్చేసరికి జాడ తెగిపోతోంది మాస్టారూ."

"ఎక్కడికి?"

ఆమె వేలు పెట్టి చూపించబోయి ఆగింది.

"నా దగ్గరికి."

"లే," అన్నారు మాస్టారు.

ఆమె లేచి పీటను తిరగేసింది.

అడుగుభాగంలో, ఎడమ అంచు పొడవునా, అరచెయ్యంత వెడల్పున రవ్వ పేరుకుని ఉంది. కొత్త ముద్ద పాతదాని మీద, అది ఇంకా పాతదాని మీద ఎండి, గోడకు మెత్తిన సున్నంలా గట్టిపడింది. ప్రతి ముద్దలోనూ బొటనవేలితో నొక్కిన గుంట ఉంది. గుంటలు వరసలుగా ఉన్నాయి. చీమలు వాటిలోంచి తీరిగ్గా పలుకులు విడదీసుకుంటున్నాయి.

చదువుకునే రోజుల్లో గాజు గొట్టం పగిలి దమయంతి ఎడమ బొటనవేలికి ఏటవాలు గాటు పడింది. కొత్త గుంటలన్నిటిలో ఆ గాటు గీత స్పష్టంగా కనిపిస్తోంది. అయినా ఆమె వేలు తీసుకెళ్లి ఒకదాంట్లో పెట్టి చూసింది. సరిగ్గా కూర్చుంది.

నూకరత్నం గారు కాఫీ గ్లాసులు తెచ్చి, పీటను చూసి, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా గ్లాసులు పెట్టి వెళ్లిపోయారు.

దమయంతి తనే చెప్పింది. "జూలైలో మా కంపెనీ బస్సును ఏడూ పది నుంచి ఆరూ యాభైకి మార్చారు మాస్టారూ. ఆ వారం ఒకరోజు వాన. పెరట్లోకి వెళ్తే తడుస్తాను, బస్సు పోతుంది. రేపు తీసేద్దాంలే అని దీని కింద అద్దాను." ఆగింది. "ఆ మొదటిసారి గుర్తుంది. రెండోసారి గుర్తు లేదు."

మాస్టారు కాఫీ తాగడం పూర్తిచేశారు. గ్లాసు కింద పెట్టారు.

"ముక్తాయింపు వాయించు," అన్నారు.

ఆమె రవ్వ కలిపి, ముద్ద అద్ది, ఈసారి ఉత్త నేలమీద కూర్చుని మొదలుపెట్టింది. మాస్టారు తాళం వేస్తున్నారు. ముక్తాయింపు మూడుసార్లు వచ్చి చివరి దెబ్బ సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బమీద, పడాలి. మొదటిసారి నిలిచింది. రెండోది నిలిచింది. మూడోదానిలో సగం దాటాక వేగం పెరిగింది. ఆమెకు తెలుస్తూనే ఉంది, చేతులు ఆగలేదు. ఆమె వాయించడం ముగించాక మాస్టారి తాళం దెబ్బ ఆయన తొడమీద పడింది.

"ఇవాళ ఆదివారం, దమయంతీ. బస్సు లేదు," అన్నారాయన.

ఆమె కిందికి చూసుకుంది. చివరి దెబ్బ కుడిచేతిది. దాని మోత ఇంకా గదిలోనే ఉంది. ఎడమచేతి బొటనవేలు మాత్రం అప్పటికే రవ్వ ముద్ద అంచు కిందికి దూరి ఉంది. ముద్ద సగం లేచి ఉంది.

ఆ పూట ఆమె ఇంకేమీ వాయించలేదు. పీటను పెరట్లోకి తీసుకెళ్లి నీళ్లు పోసి నానబెట్టి, చాకుతో గీకడం మొదలుపెట్టింది. వదిలెయ్యమ్మా, పనిమనిషి చేస్తుందని నూకరత్నం గారు అన్నా వినలేదు. రెండు గంటలు పట్టింది. చెక్క కనిపించాక బూడిదతో తోమి ఎండలో పెట్టింది.

ఇంట్లో ఏ మందూ చల్లలేదు. కిటికీలో సుద్ద ముక్క అలాగే ఉండిపోయింది. సోమవారానికి చీమలు సగమయ్యాయి. బుధవారం ఒకటీ రెండూ దారి తప్పినట్టు గదిలో తిరిగి, గోడ దాకా వెళ్లి, వెనక్కి వచ్చాయి. శుక్రవారం నూకరత్నం గారు పంచదార డబ్బాను నీళ్ల పళ్లెంలోంచి తీసి అలమరలో పెట్టుకున్నారు.

ఉగాదికి మిగిలిన రోజుల్లో దమయంతి యాప్ వాడలేదు. ముక్తాయింపు నలభైసార్లు వాయించడమూ మానేసింది. రోజుకు ఒక్కసారి వాయించేది. చివరి దెబ్బ పడ్డాక రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, రెండు ఆవర్తనాల పాటు, అంటే తాళం రెండు చుట్లు తిరిగేదాకా, ఏమీ వాయించకుండా లోపల లెక్క పెట్టుకునేది. మొదటి నాలుగు రోజులూ ఎడమ బొటనవేలు ఒళ్లోనే కదిలేది. కుడిచేత్తో దాన్ని పట్టుకుని కూర్చునేది. లెక్క అయ్యాక రవ్వ గీకి, పెరట్లోకి నడిచి, జామచెట్టు మొదట్లో వేసి, చెయ్యి కడుక్కుని, వచ్చి చర్మం తుడిచేది. పాఠాన్ని పది నిమిషాలు ముందు మొదలుపెడదామని అడగబోయి ఆమే మానుకుంది. ముందు మొదలుపెట్టినా బస్సు తలలోనే ఉంటుందని ఆమెకు తోచింది.

ఆ పన్నెండు రోజుల్లో బస్సు మూడుసార్లు తప్పిపోయింది. మూడుసార్లూ షేర్ ఆటోలు మారి వెళ్లింది. ఆలస్యం ఎందుకైందని సూపర్‌వైజర్ అడిగితే, "పిచ్చుకలకు రవ్వ వేసి వచ్చేసరికి ఇంతైంది సార్," అని ఉన్నమాటే చెప్పింది. హాజరు పట్టీలో కారణం రాయవలసిన గడిని ఆయన ఖాళీగా వదిలేశాడు.

ఉగాది సాయంత్రం కచేరీలో శేషారత్నం గారు తోడి రాగంలో పెద్ద కృతి పాడి, దమయంతి వైపు తల ఊపారు. తని ఆవర్తనం పద్నాలుగు నిమిషాలు నడిచింది. ముక్తాయింపు దగ్గరకు వచ్చింది. మూడోసారి సగంలో ఆమెకు ఎడమ బొటనవేలు గుర్తొచ్చింది. అది తన చోటనే ఉంది. చివరి దెబ్బా, శేషారత్నం గారి చెయ్యీ ఒక్కసారే పడ్డాయి. ఆవిడ వెంటనే పల్లవి అందుకోలేదు. కచేరీ మర్యాద ప్రకారం అందుకోవాలి. కానీ ఒక్క క్షణం ఆగి, గుండెలనిండా గాలి పీల్చుకుని, అప్పుడు పాడారు.

శాలువా మడతపెట్టుకునేటప్పుడు, "ఇవాళ నన్ను ఊపిరి తీసుకోనిచ్చావు," అన్నారు. "శ్రీరామనవమికి ఎవరికైనా మాటిచ్చావా? ఇవ్వకపోతే ఇవ్వకు."

మర్నాడు ఈ మాట మాస్టారికి చెబితే ఆయన, "ఊఁ," అని కొత్త పాఠం మొదలుపెట్టారు.

దూలానికి వేలాడే మృదంగం కిందికి దిగి ఉండటాన్ని దమయంతి ఆ తర్వాత నాలుగో రోజున, గురువారం, గమనించింది. రవ్వ పట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి నూకరత్నం గారు జామచెట్టు కింద బట్టలు ఆరేస్తున్నారు.

"చీమలు పోయాయని ధైర్యం వచ్చి దింపినట్టున్నారు అమ్మగారూ, మాస్టారు."

నూకరత్నం గారు తడిచీర దులిపి తీగమీద వేశారు. ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఇక చెప్పేస్తానమ్మా, కడుపులో దాచుకోలేను. ఆ పీట సంగతి మాకు దసరాలకే తెలుసు. ఇల్లు కడుగుతూ నేనే తిప్పి చూశాను. గీకేద్దామని చాకు తెచ్చాను కూడా. ఈయన చాకు లాక్కుని, తన మృదంగం తీసుకెళ్లి దూలానికి కట్టుకున్నారు. నీకు చెబుతానంటే చెప్పొద్దన్నారు. ఆరు నెలలు నేను చీమలతో కాపురం చేశాను."

దమయంతి చేతిలో రవ్వ చేతిలోనే ఉంది. "ఎందుకట అమ్మగారూ?"

"నేనూ అదే అడిగాను. 'మనం గీకితే పీట ఒక్కటే శుభ్రపడుతుంది,' అన్నారు."